తులసి పూసల నీళ్ళు

పుంగనూరు బస్టాండు దగ్గర తులసి మాలలు అమ్ముతుంటే, ఒకటి తీసి వాసన చూశాను. నాయన గుర్తొచ్చాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రోజూ సారాయి తాగే నాయన, అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మరునాడే మళ్ళీ తాగాడు. తులసి ఔషధమని లైబ్రరీ పుస్తకంలో చదివి ఉన్నాను కాబట్టి, గుణమంతా ఆ పూసల్లోనే ఉందని తేల్చేశాను. పొద్దున్నే మాలను చెంబు నీళ్ళలో నానేసి, ఆ నీళ్ళు నాయనకిచ్చాను.

"ఏందమ్మా ఇది?"

"తాగుడు మాన్పించేది నాయనా. మాల తీసేస్తివి గదా, కడుపులోకన్నా పోనీ."

"మనింట్లోనే డాక్టరమ్మ ఉండాది, తాగప్పా" అంది అవ్వ, కొడుకును దెప్పుతూ.

నాయన నవ్వలేదు. గడగడా తాగేసి, చొక్కా తొడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని మదనపల్లె బస్సెక్కాడు. అక్కడ ఆసుపత్రిలో డాక్టరుతో, "మెడలో మాల ఉన్నన్ని దినాలు ముట్టలేదు సార్. తీసినాక నాతో కాలేదు" అన్నాడు.

ఆయనిచ్చిన మాత్రల గురించి పెద్దయ్యాక వెతికి చదివాను. ఏ నీళ్ళతో వేసుకున్నా ఒకటే. నాయన మాత్రం రోజూ మాత్ర చేతిలో పెట్టుకుని, నేను పూసల నీళ్ళు తెచ్చేదాకా కూర్చునేవాడు.