గోంగూర కింద పేజీ

గోంగూర నూనెలో మగ్గుతున్న పుల్లటి వాసన అందరికీ నోరూరిస్తుందేమో గానీ నాకు మాత్రం కోపం తెప్పిస్తుంది. నిన్న శనివారం నా అపార్ట్‌మెంట్ వంటగదంతా ఆ వాసన కమ్ముకోగానే, పదేళ్ల పిల్లనైపోయి, "నాన్నా, ఇంక ఆపు!" అని అరవాలనిపించింది.

చిన్నప్పుడు కెనడాలోని ఇదే ఒషావాలో, శనివారం పొద్దున్నే బయట మంచు, లోపల హీటర్ వేడిగాలి, అమ్మ ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన గోంగూర కట్టలు విప్పి టేబుల్ మీద కుప్ప పోసేది. ఆదివారం చర్చి నుంచి రాగానే మటన్‌లోకి కావాలి కాబట్టి అమ్మా, నేనూ, పక్కింటి సుగుణ ఆంటీ ఆకు గిల్లడానికి కూర్చునేవాళ్లం, గిల్లింది గిల్లినట్టు పొయ్యి మీద మగ్గేది. నాన్న మాత్రం గిల్లడు. పేపరు చదువుతాడు, పైకి, ఇంగ్లిష్ వార్తను తెలుగు చేసి మరీ. ఒంగోలు దగ్గర పొగాకు షెడ్డులో నాయనమ్మ వాళ్లు ఆకు ఏరుతుంటే ఒకరు అలా చదివి వినిపించేవారట. "చేతులకు పనుంది, మరి చెవులకో?" అనేదట నాయనమ్మ. ఆ షెడ్డు ఆచారాన్ని ఈ మనిషి విమానమెక్కించి ఇక్కడికి తెచ్చాడు.

పోనీ ఏ సినిమా కబుర్లో చదువుతాడా అంటే, అబ్బే! గ్రీసు. వారం వారం గ్రీసు. దేశం అప్పుల్లో మునిగిందని ఏథెన్స్‌లో ముసలివాళ్ల పెన్షన్లు కోసేశారు, ఓడరేవు అమ్మేస్తున్నారు, బ్యాంకులు చేసిన పాపానికి బడిపంతుళ్లు శిక్ష అనుభవిస్తున్నారు. "లాభమొస్తే వాళ్లది, నష్టమొస్తే అందరిదీనమ్మా!" అని నా మీదకే వచ్చేవాడు, ఆ బ్యాంకులు నేనే నడుపుతున్నట్టు. నాకు ఒళ్లు మండేది. కిటికీ అవతల పిల్లలు మంచులో స్లెడ్డు బళ్లు లాగుతుంటే నాకీ గ్రీసు ఖర్మేంటి? "మనం గ్రీసులో లేం నాన్నా!" అంటే, "లేమా?" అని కళ్లజోడు సర్దుకొని మళ్లీ మొదలుపెట్టేవాడు. అమ్మయితే, "ఏవండీ, ఆ ఏథెన్స్ వాళ్లు మన డ్రైవ్‌వేలో మంచు తోస్తారేమో అడగండి" అనేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!

పేపరు పంపకం మాత్రం పక్కా. ప్రపంచం పేజీలు నాన్నకి, లోకల్ పేజీలు తడి గోంగూర కిందికి. పనయ్యాక కాడలతో సహా చుట్టి చెత్తలో వేసేవాళ్లం. నాన్న కారు సీట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, మా ఇల్లంతా ఆ ఉద్యోగం మీదే నడిచేది. ఓ షిఫ్టు తీసేస్తే, "ఆర్డర్లు లేవంట, వస్తాయిలే" అన్నాడు. యూరప్ మొత్తాన్ని చదివిన మనిషి!

ఒక శనివారం సుగుణ ఆంటీ ఆకులు పక్కకు తోసి చెయ్యి ఆపేసింది.

"అన్నయ్యగారూ, ఈ ఫోటోలో గేటు మీ కంపెనీదే కదూ?"

నాన్న తడిసిన పేజీని చిరగకుండా ఊడదీసి, అలవాటుకొద్దీ పైకే చదివాడు. ఫ్యాక్టరీ మెక్సికోకి తరలిపోతోంది. పోటీకి నిలబడాలంటే తప్పదట. కష్టమైనా అవసరమట. ఒక్కో మాటా ఏథెన్స్ గురించి వందసార్లు విన్నదే. ఆయన ఆగిన చోట తర్వాతి మాట నేనే అందించాను: "త్యాగాలు చెయ్యాలి." నాన్న నా వంక చూశాడు. ఆ ఆదివారం మటన్ వండలేదు, గోంగూర పచ్చడే తిన్నాం.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు ఖాళీ స్థలం. సుగుణ ఆంటీ ఎడ్మంటన్ వెళ్లిపోయింది. ఇంటికి పేపరు రావడం ఎప్పుడో మానేసింది, నేను గోంగూరను ప్లాస్టిక్ కవర్ మీద గిల్లుతున్నాను. ఎటోబికోలో ఓ గోడౌన్‌కి సెక్యూరిటీగా ఉంటున్న నాన్న నిన్న, మొదటి కట్ట పొయ్యి మీద మగ్గుతుండగా రెండోది గిల్లుతున్న నా ఎదురుగా కూర్చొని, ఫోన్‌లో ఏదో చదువుకుంటున్నాడు, మనసులోనే.

"పైకి చదువు నాన్నా."

"ఎందుకులేమ్మా, నీకు విసుగు."

చెవులు చిల్లులు పడేలా అన్నేళ్లు చదివి, ఇప్పుడా మొహమాటం! చెయ్యి తుడుచుకొని, శుక్రవారం మా ఆఫీసు నుంచి వచ్చిన ఈమెయిల్ తెరిచి నా ఫోన్ ఆయన ముందు పెట్టాను.

నాన్న కళ్లజోడు సర్దుకున్నాడు. పోటీకి నిలబడాలంటే కొందరిని తీసేయక తప్పదట, కష్టమైనా అవసరమట అని రెండు వాక్యాలు తెలుగు చేసి ఆగాడు. తర్వాతి మాట ఇద్దరికీ తెలిసిందే. అయినా చదవమన్నాను.