కళింగపట్నంలో అనకూడని మాట

చిన్న పడవలో ఒంటరిగా ప్రపంచం చుట్టివచ్చిన ఒక దొర గురించి గ్రంథాలయంలో చదివాను. అరవై ఎనిమిదిలో, తెనాలి నుంచి కళింగపట్నం వెళ్లినప్పుడు, తీరంలో ఓ జాలరి తెప్పను నీళ్లలోకి నెడుతున్నాడు. తోడు వెళ్లే తమ్ముడికి జ్వరం. నిన్న వేసిన వల ఇవాళ తీయకపోతే సముద్రం పాలే.

“ఒక్కడివే వెళ్తున్నావా!” అన్నాను మెచ్చుకోలుగా.

అతని భార్య గయ్యిమంది. “ఒక్కడనకు బావూ! గంగమ్మ తోడున్నాది. ఇద్దరెల్తన్నారు.”

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ లెక్క లేదు.

అల రెండుసార్లు తెప్పను ఒడ్డుకు విసిరింది. “ఏటి సూస్తన్నావు బావూ? నెట్టు!” అని అరిచాడతను. చెప్పులు విడిచి నేనూ నెట్టాను. మూడోసారి తెప్ప అల దాటింది. అతను తెరచాప ఎత్తాడు.

నేను అటే చూస్తుండిపోయాను. ఆమె మాత్రం ఇంటివైపు తిరిగింది.

“ఆకలి మీదొస్తాడు బావూ. కూడొండాల.”