ఆరని గోడల మధ్య మా పిన్ని

మొన్న శుక్రవారం తెల్లవారగానే తాపీమేస్త్రి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "చెల్లెమ్మ పోయింది బాబూ" అన్నాడు. మా పిన్నిని ఆయన అలాగే పిలిచేవాడు. నేనింకా నోరు తెరవకముందే రెండో మాట అడిగాడు. "ఎక్కడికి తీసుకురమ్మంటావు?"

చావు కబురు వెంటనే ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలియదు. ఆసుపత్రి వాళ్ళు తొందరపెడుతున్నారు. వ్యాను డ్రైవరుకి ఏదో ఒక వీధి చెప్పాలి. మా పిన్నికి చెప్పుకోవడానికి వీధి లేదు. రేపల్లె వదిలి వచ్చాక ఆమె తలదాచుకున్న ఇళ్ళు తెనాలిలోనూ బాపట్లలోనూ ఇప్పటికీ రంగులు వేసుకుని నిలబడే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాని గుమ్మం ముందూ ఆ వ్యాను ఆగడానికి వీల్లేదు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. రేపల్లెలో బాబాయి ఇంకొకామెని ఇంటికి తీసుకొచ్చి, "ఉంటే ముగ్గురం ఉందాం, లేకపోతే నీ ఇష్టం" అన్నాడట. పెద్దమనుషులు కూర్చుని ఆయన్నేమీ అనలేదు. "ఆడపిల్లతో ఎక్కడికి పోతావమ్మా, ఇల్లు ముఖ్యం" అని ఈమెకే చెప్పారు. నాలుగో తరగతి చదివే కూతురి చెయ్యి పట్టుకుని ఆమె తెనాలి రైలెక్కింది. ఆ పెద్దమనుషుల మీద నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది. పిన్ని మాత్రం, "వాళ్ళు చెప్పింది నిజమేరా. ఇల్లు ముఖ్యమే. కాకపోతే అది నాకు దొరకాలి" అనేది.

మాది తెనాలిలో ఒకటిన్నర గది అద్దె వాటా. పిన్ని వచ్చి పది రోజులు కాకుండానే ఇంటాయన మా అమ్మని గేటు దగ్గర ఆపాడు. "మోటారు రెండుసార్లు వెయ్యాల్సొస్తోందమ్మా. మీ చుట్టాలు ఎన్నాళ్ళుంటారేంటి?" పిన్ని లోపలి నుంచి విన్నది. మర్నాడు ఇల్లు వెతకడానికి బయల్దేరింది. తోడు నేను వెళ్ళాను.

ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట.

"మీ ఆయనేం చేస్తారమ్మా?"

"రేపల్లెలో ఉంటారండి."

"మరి నువ్విక్కడేంటి?"

"విడిగా ఉంటున్నామండి."

"అయ్యో, ఇందాకే ఎవరో అడ్వాన్సిచ్చి వెళ్ళారే!"

టు-లెట్ బోర్డు ఆ ఇంటావిడ తల మీదే వేలాడుతుండేది. మూడో ఇంట్లో నేనుండబట్టలేక, "మరి ఆ బోర్డెందుకండీ, గాలికా?" అన్నాను. అప్పటికే నా సంచి నిండా కరపత్రాలు. స్త్రీల హక్కుల గురించి అచ్చయిన వాక్యాలు నోటికి వచ్చు. అవి కూడా నాలుగు వినిపించాను. పిన్ని నా చొక్కా పట్టి రోడ్డు మీదికి లాక్కొచ్చింది. "నీ విప్లవం నాకో గది ఇప్పిస్తుందంటే చెప్పు నాయనా, ఈ గుమ్మంలోనే బైఠాయిస్తా" అంది. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది.

చివరికి మార్కెట్ వెనక ఒక గది దొరికింది. పిన్ని చీరలకి ఫాల్స్ కుట్టేది. కుట్టిన డబ్బు అద్దెకి సరిపోతే బడి ఫీజు ఆగేది, ఫీజు కడితే ఇంటావిడ నీళ్ళ పంపు కట్టేసేది. ఆ వీధిలోనే మేస్త్రి కాపురం. ఆయన భార్య ఒక సాయంత్రం పిన్ని బిందెని తన పంపు కింద పెట్టింది. ఆ రాత్రే మేస్త్రి వచ్చి దారి చెప్పాడు. "మేం కట్టే ఇంట్లో ఉండు చెల్లెమ్మా. గోడలకి పొద్దునా సాయంత్రం నీళ్ళు పెట్టు. సిమెంటూ ఇనుమూ పోకుండా చూడు. అద్దె ఉండదు."

అలా మొదలైంది. పైన శ్లాబు పడి, కిటికీలూ తలుపులూ లేని ఇంట్లోకి పిన్ని చేరేది. సెంట్రింగ్ చెక్కలు పరిచి మంచం చేసేది. సిమెంటు గోతాలు విప్పి, ఉతికి, కుట్టి గుమ్మానికి తెర కట్టేది. పిల్ల ఇటుక ముక్కతో పచ్చి గోడ మీద లెక్కలు చేసుకునేది. "తలుపు లేని ఇంట్లో ఉన్న సుఖమేంటో తెలుసా? మీ బాబాయి తాగొచ్చి తలుపు బాదడానికి ఉండదు" అనేది పిన్ని.

అన్నిచోట్లా ఇంటివాళ్ళు పెట్టే షరతు ఒకటుండేది. లోపల పొయ్యి వెలిగించకూడదు. గృహప్రవేశం రోజున ఇంటి ఇల్లాలు పాలు పొంగించాలి కదా, ఆ ఇంట్లో తొలి పొయ్యి అదే కావాలి. అందుకని పిన్ని వంట ఎప్పుడూ మెట్ల కింద, ఇసక కుప్ప పక్కన, మూడు ఇటుకల మీద. ఇల్లు పూర్తయ్యేసరికి గచ్చు కడిగేదీ ఆమే, గుమ్మాలకి పసుపు రాసేదీ ఆమే. పసుపు ఆరకముందే ట్రంకు పెట్టె రిక్షాలో పెట్టుకుని వెళ్ళిపోయేది. "రేపు శుభకార్యం. నువ్వు కనిపించకపోతే మంచిదమ్మా" అని ఇంటివాళ్ళు మర్యాదగానే చెప్పేవాళ్ళు. చదువుతున్న మీలో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. మీ గోడ బీట వారకుండా ఉందంటే దానికి ఎవరో నీళ్ళు పెట్టారు. ఆ మనిషిని భోజనానికి పిలిచారా?

బాపట్లలో ఉన్నప్పుడు వాయుగుండం పట్టింది. మెట్ల కింద మోకాలి లోతు నీళ్ళు. పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది. పిన్ని కిరసనాయిలు స్టవ్వు తెచ్చి వంటగదిలో పెట్టి పాలు కాచింది. పిల్ల వాంతి చేసుకుంటే అటు పరిగెత్తింది. వచ్చి చూసేసరికి పాలు పొంగి, గట్టు మీంచి గచ్చు మీదికి కారుతున్నాయి.

"ఆ పాలు చూస్తూ అలాగే కూర్చుండిపోయానురా. భయం తర్వాత వేసింది. ముందు మాత్రం బాగుంది" అని నాతో చెప్పింది.

గట్టు రుద్దింది గానీ గోడకి పట్టిన మసి పోలేదు. వాన తగ్గకముందే ఇంటావిడ వచ్చి చూసింది. "ఎంత పని చేశావమ్మా! మొగుణ్ణి వదిలేసొచ్చినదాని చేత్తో పొయ్యి వెలిగితే మా కాపురం ఏం కాను?"

"పిల్లకి జ్వరమండి."

"జ్వరమైతే హోటల్లో కొనుక్కోవాలి!"

ఆ వానలోనే బయటికి పంపేశారు. జ్వరం పిల్లతో తెనాలి వచ్చి మేస్త్రి ఇంట్లో వారం రోజులుంది. మేస్త్రి భార్య తన గ్యాసు పొయ్యి చూపించి, "ఎన్నిసార్లయినా పొంగించు వదినా, మేమేమీ అనుకోం" అందట. ఆ మాట చెప్పేటప్పుడు పిన్ని కళ్ళు తుడుచుకునేది.

తర్వాత మళ్ళీ కట్టే ఇళ్ళలోకే చేరింది. దగ్గు అప్పుడే పట్టుకుంది. ఏళ్ళ తరబడి తడి గోడల మధ్య పడుకుంటే ఊపిరితిత్తులు ఏమవుతాయి? డాక్టరు చెమ్మలో ఉండొద్దన్నాడు. బయటికొచ్చాక పిన్ని, "గోడ చెమ్మారకుండా చూడ్డమే కదరా నా ఉద్యోగం. ఆయనకెవరు చెప్తారు?" అంది.

కోర్టుకెళ్ళి భరణం అడుగుదామని నేను పోట్లాడేవాణ్ణి. ఒకసారి చట్టాల గురించిన పుస్తకం ఇస్తే వదలకుండా చివరిదాకా చదివింది. "బాగానే రాశారు. తీర్పు వచ్చేదాకా ఎక్కడుండాలో రాయలేదేంటి?" అని తిరిగి ఇచ్చేసింది.

శుక్రవారం ఆ ప్రశ్నే వ్యాను ఎక్కి వచ్చింది. మా ఇంటాయన చేతులు జోడించి, "నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు పాడుపెట్టాలి బాబూ, తేవద్దు" అన్నాడు. తెనాలిలోనే పిన్ని చివరిగా కాపలా ఉన్న ఇంటి యజమాని, "గృహప్రవేశం కాని ఇంట్లోకి శవమా!" అని ఫోన్ పెట్టేశాడు. రమ్మన్న ఇల్లు ఒక్కటే. రేపల్లె. "తీసుకురండి, నా భార్య. పసుపు కుంకుమలతో నేనే సాగనంపుతా" అన్నాడు బాబాయి. పరువు గుర్తొచ్చినట్టుంది.

తొమ్మిదో తరగతికి వచ్చిన పిన్ని కూతురు వ్యానులో తల్లి పక్కన కూర్చుని ఉంది. ఫోనులో రేపల్లె మాట అడిగితే, "అమ్మ అక్కణ్ణించి వచ్చేసింది కదన్నయ్యా" అంది.

"రోడ్డుకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు బాబూ" అన్నాడు మేస్త్రి. చివరి ఇంటి గేటు బయట సెంట్రింగ్ వాసాలు పాతి టార్పాలిన్ కట్టాడు. ఆమె పడుకునే చెక్కలే తెచ్చి పరిచి, వాటి మీద పడుకోబెట్టాం. మేం గేటు దాటకుండా చూడటానికి యజమాని ఒక మనిషిని పంపాడు. మా అమ్మ పిన్ని కాళ్ళ దగ్గర కూలబడి, "ఈ ఆఖరి పూటైనా మా ఇంట్లో పడుకోనివ్వలేదే నిన్ను" అని ఏడుస్తూనే ఉంది. మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. దండ వేసి, కూతురి వైపు తిరిగి, "రామ్మా, మనింటికి పోదాం" అన్నాడు.

పిల్ల ఆయన వంక చూడలేదు. లేచి, కాపలా మనిషి పక్కనుంచే గేటు తోసుకుని లోపలికి వెళ్ళింది. అతను అడ్డుకోబోయి ఆగిపోయాడు. ఏం చేసుకుంటుందోనని భయపడి వెనకే వెళ్ళాను.

మోటారు వేసి, గొట్టం పట్టుకుని, ముందుగది గోడకి నీళ్ళు పెడుతోంది.

"ఇప్పుడెందుకమ్మా?" అన్నాను.

"అమ్మ ఆసుపత్రికి వెళ్ళినప్పట్నుంచీ పెట్టలేదన్నయ్యా. బీటలిస్తే అమ్మనే అంటారు."

గోడ పైనుంచి కింది దాకా నల్లగా తడిసింది. నీళ్ళు గచ్చు మీద పారి, తలుపు లేని గుమ్మం దాటి, మెట్లు దిగి, గేటు కింద నుంచి రోడ్డు మీదికి వచ్చి, పిన్ని పడుకున్న చెక్కల కిందికి చేరాయి.