తెరవని పెట్టె, తడిసిన నేల

చమురు డబ్బుతో దోహాలో రోజుకో అంతస్తు లేస్తున్న కాలం. వెస్ట్ బేలోని ఒక హాలుకు నేను ఏసీల ఇంజనీరుని. ఆగస్టులో అక్కడ చిత్రాల ప్రదర్శన పెట్టారు. ఆరుబయట కూర్చుని, మారిపోయే వెలుతురును గబగబా రంగుల్లో పట్టే ఇంప్రెషనిస్టు పద్ధతి ఫ్రాన్సులో పుట్టి దేశదేశాలకు ఎలా పాకిందో చూపాలని నిర్వాహకుల ఉద్దేశం. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా చిత్రాలు అప్పటికే గోడలెక్కాయి. చివరికి ఫ్రాన్సు నుంచి బొమ్మ ఉన్న పెట్టె వచ్చింది, దానికి కాపలాగా ఒక ఫ్రెంచి ఆవిడ వచ్చారు.

అలాంటి పెట్టెను రాగానే తెరవరు. హాలు గాలికి అలవాటుపడేలా ఒక రోజు మూసే ఉంచుతారు. ఆ గాలిలో తేమ పెరిగితే రంగు పెచ్చులుగా లేస్తుంది.

మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది. మేడ మీదికెళ్ళి బాగుచేసి దిగేసరికి పెట్టె చుట్టూ నేలంతా తడి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన కూలీ, దాదాపు నా ఈడువాడే, బకెట్టుతో నిలబడి ఉన్నాడు.

"ఉడుకవోస్తున్నది గద సార్. ఇంటికాడ ఎండకాలం వాకిట్ల జల్లినట్టు జల్లిన. జర సల్లవడ్తదని."

ఆవిడ గోడ మీది తేమ కొలిచే మీటరు దగ్గరికి వెళ్ళి, ముల్లు ఎంత పైకెక్కిందో చూశారు. హాలు మేనేజరు, ఈజిప్టువాడు, నీళ్ళెవరు చల్లారని వచ్చీరాని హిందీలో అడిగాడు. "పానీ కిస్నే డాలా?"

కూలీ బకెట్టు కింద పెట్టి చెయ్యెత్తాడు.

"బొమ్మకు ఏమైనా అయితే నీ వీసా క్యాన్సిల్. ఖలాస్," అన్నాడు మేనేజరు.

తలుపులు తీద్దామంటే బయట సముద్రపు ఉక్క ఇంకా ఎక్కువ. పక్క హోటలు నుంచి తువ్వాళ్ళు తెప్పించి అందరం మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాం. ఆవిడ కూడా కూర్చున్నారు. తుడుస్తూనే ఇంగ్లీషులో నాతో అన్నారు.

"ఇలాంటి బొమ్మలను మొదట పారిస్‌లోనే వెక్కిరించారు. అమెరికావాళ్ళు కొన్నాక ఓడలెక్కి వెళ్ళాయి. జపాను కుర్రాళ్ళు పారిస్ వచ్చి నేర్చుకుని, ఇంటికెళ్ళి తమ ఊరి ఎండను వేశారు."

"మేడం ఏమంటున్నది?" అని కూలీ అడిగితే చెప్పాను.

"గన్ని సముద్రాలు దాటినా ఏం కాలే. నా శేతులనే ఖరాబైతదా సార్? ముల్లు దిగిందా?"

"దిగుతోందిలే."

"మీ ఏసీ సార్లు గట్లనే అంటరు. పొద్దుగాల ఏసీ మంచిగున్నదని గూడ మీరే అన్నరు."

సాయంత్రానికి ముల్లు దిగింది. కానీ పెట్టె లోపల సంగతి తెరిస్తేగాని తెలియదు. ఆ రాత్రి కూలీలుండే మెసైమీర్ క్యాంపులో అతను అన్నం ముట్టలేదని, ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తలేదని తోటివాళ్ళు చెప్పారు.

మర్నాడు పెట్టె మరలు విప్పారు. నది, ఒక పడవ, ముక్కలు ముక్కలుగా వెలుగుతున్న నీళ్ళు. ఆవిడ చిన్న టార్చి పట్టుకుని మూల నుంచి మూలకు వంగి చూస్తున్నారు. కూలీ బొమ్మ వైపు చూడనేలేదు, మేనేజరు ముఖాన్నే చూస్తున్నాడు.

"రంగు ఎక్కడా లేవలేదు," అన్నారావిడ.

మేనేజరు గోడ వైపు వేలు చూపించి, బొమ్మ ఎత్తమని కూలీతో అన్నాడు. "యల్లా, ఉఠావ్."

అతను అరచేతులు ప్యాంటుకు రుద్దుకుని, తెల్ల తొడుగులు వేసుకుని, బొమ్మకు ఒక పక్క పట్టుకున్నాడు.