చిన్నమ్మ జీవాల దుడ్లు

మా వైపు జనం బ్యాంకులో డిపాజిట్ తప్ప మరేదీ ఎందుకు కొనరో తేల్చడానికి ఆమధ్య ప్రొద్దుటూరులో ఒక అవగాహన సదస్సు పెట్టారు. మైకు పట్టుకున్న ప్రతివాడిదీ ఒకటే పాట: చదువు లేదు, బంగారం పిచ్చి, మార్కెట్టంటే భయం. నేను డిగ్రీ చదివాను, నగల మీద మోజు లేదు, అయినా బ్యాంకువాళ్లు చెప్పే పథకాలు కొనను. నన్ను ఏ లెక్కలో వేస్తారో అడుగుదామనుకున్నాను. మైకు నా దాకా రానివ్వలేదు.

మా చిన్నమ్మది వేంపల్లె దగ్గర పల్లె. గొర్రెలు, వాళ్ల మాటలో జీవాలు, మేపుకొని బతికిన ఇల్లు. చిన్నాయన పోయాక ఆమెకు మోకాలి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కాసేవాళ్లు లేక మందంతా అమ్మేసింది. కాలు కుదుటపడగానే, ఏడాది తిరిగేసరికి, మళ్లీ కొన్ని గొర్రెపిల్లలనైనా కొనుక్కోవాలని ఆమె ఆశ. అందాకా డబ్బు భద్రంగా ఉంటుందని పులివెందులలో బ్యాంకుకు పోయింది.

అక్కడి ఆఫీసరు ఆమెను వరసలోంచి పిలిచి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఫిక్సెడ్ కంటే మంచిది ఉందన్నాడు.

"ఇవి జీవాలు కొనే దుడ్లప్పా. వచ్చే ఏడు నాకు గావాల" అందట చిన్నమ్మ.

"అట్లే లేమ్మా" అన్నాడట.

ఆమె చెయ్యి చాపింది. గొర్రెల బేరంలో మాట ఖాయమైతే చేతిలో చెయ్యి వేస్తారు. ఆ తర్వాత కాగితం అడిగితే ఎదుటిమనిషిని అవమానించినట్టే. అతను నవ్వి చెయ్యి కలిపాడు. చిన్నమ్మ దృష్టిలో బేరం అక్కడితో ముగిసింది. ఆ తర్వాతి సంతకాలు మర్యాద కోసం పెట్టినవి.

ఏడాదికి వెళ్తే ఆ సీట్లో వేరే మనిషి. అది మార్కెట్లో పెట్టిన ఐదేళ్ల బాండట, మధ్యలో తీసుకోవడానికి లేదట. పాతాయన జమ్మలమడుగుకు బదిలీ అయ్యాడు.

"నువ్వు రా పాపా. నీ నోటికి భయపడతారు" అని నాకు ఫోన్ చేసింది.

ఇద్దరం జమ్మలమడుగు పోయాం. అతను గుర్తుపట్టాడు, మళ్లీ కుర్చీ చూపించాడు. చిన్నమ్మ కూర్చోలేదు.

"చేతిలో చెయ్యేసి చెప్తివి గదప్పా."

"అన్నీ చదివే సంతకం పెట్టినావు కదమ్మా."

"నాకు చదువు యాడుందప్పా. నీ మొగం చూసి పెడితి."

నేను అందుకున్నాను. "గొర్రెలు కాసే మనిషి డబ్బు ఐదేళ్లు బిగించినారే, అందాకా ఆమె ఏం మేపాలి సార్, మీ బాండునా?"

అతను గొంతు తగ్గించాడు. "మా మీదా టార్గెట్లుంటాయి మేడం."

నేను ఇంకా పెద్ద గొంతు చేయబోతుంటే చిన్నమ్మ నా చెయ్యి లాగింది. "పా పాపా. ఆయప్పకూ బిడ్డలుండారు."

పైఆఫీసుకు రాశాను. సంతకాలు సరిగ్గానే ఉన్నాయని జవాబు వచ్చింది.

ఆ రోజు తిరుగు బస్సులో, ప్రొద్దుటూరు దగ్గర పడ్డాక చిన్నమ్మ అంది: "జీవాల యాపారి అబద్ధం చెప్తే మళ్లా ఏడు మన దొడ్డి కాడికి రాలేడు. వీళ్లు మళ్లా వచ్చే పనే లేదు గదా."

సదస్సులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఐదేళ్లకు డబ్బు వచ్చింది. అప్పటికి ఆమెకు రెండో మోకాలు కూడా పోయింది. గొర్రెల దొడ్డి చుట్టూ ముళ్లకంపను మాత్రం ఇప్పటికీ తీయనివ్వదు. పొద్దున లేచి దానివైపే ముఖం పెట్టి కూర్చుంటుంది. ఆ పల్లె ఆడవాళ్లు పింఛను డబ్బుకు బ్యాంకుకు వెళ్లినప్పుడు ఎవరైనా కుర్చీ చూపిస్తే కూర్చోరు. నిలబడే పని చూసుకొని వస్తారు. దాన్నే అజ్ఞానం అంటున్నారు.

సంతకాల గొడవ నాకొద్దు. టార్గెట్ల సంగతీ అర్థం చేసుకోగలను. నేనడిగేది ఒక్కటే: వచ్చే ఏడు జీవాలు కొనే దుడ్లని ఆమె చెప్పినప్పుడు, అతను ఆ మాట వినే చెయ్యి కలిపాడా?