ఆ ఊళ్లో లేని భ్రమరాంబ

2023 వేసవిలో నేను నరసరావుపేటలోని ఒక ప్రైవేటు సర్జికల్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేస్తున్నాను. పెద్ద ఆసుపత్రేం కాదు. కింద మందుల షాపూ ల్యాబూ, పైన డాక్టరమ్మ గదీ ఆపరేషన్ థియేటరూ, ఆ పైన వార్డు. మాచర్ల, గురజాల, దుర్గి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే జనంతో మెట్ల మీద కూడా ఖాళీ ఉండేది కాదు. మాది ఈ ఊరే. మా నాన్న లారీ మెకానిక్. ఆయన గొంతూ కోపమూ రెండూ నాకే వచ్చాయని మా అమ్మ ఇప్పటికీ సణుగుతుంది. ఇందులో రోగుల పేర్లూ, వాళ్లను పోల్చుకునే గుర్తులూ మార్చి రాస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొదట జరిగింది నవ్వుకునే సంగతే. మెడ దగ్గర థైరాయిడ్ గడ్డకు ఎఫ్ఎన్ఏసీ చేయించుకున్న ఒకామె ఫలితం కోసం వచ్చింది. ఎఫ్ఎన్ఏసీ అంటే సన్నటి సూదితో గడ్డలోంచి కణాలు లాగి పరీక్షించడం. రిపోర్టు కవరు ఇంకా నా చేతిలోనే ఉంది.

"నాకేం భయం లేదు సిస్టరమ్మా. అది ఉత్త నీటితిత్తేనంట గదా," అంది.

"ఎవరు చెప్పారు?"

"మా పక్కూరి అచ్చమ్మకు శుక్రవారం శుక్రవారం అమ్మవారు పూనుద్ది. ఆమే చెప్పింది."

కవరు విప్పితే నిజంగానే నీటితిత్తి. "అయితే రేపట్నించి ల్యాబ్‌లో అచ్చమ్మనే కూర్చోబెడదాం," అని నవ్వేశాను. కొన్నాళ్లకు అదే వైపు నుంచి వచ్చిన ఇంకొకామె, డాక్టరమ్మ నోరు తెరవకముందే తన గర్భసంచిలో గడ్డ ఏ పక్కనుందో చెప్పింది. ఆమెకూ అచ్చమ్మే చెప్పిందట. ఈసారి నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లోవాళ్లు దర్గాకు వెళ్లి తాయెత్తులు కట్టించుకొచ్చేవాళ్లే, కాబట్టి నమ్మకాలంటే నాకు వెటకారం లేదు. కానీ మా గదిలో తేలిన ముక్క పొల్లు పోకుండా బయట ఎవరి నోటనో పలికిందంటే ఒళ్లు జలదరించింది.

కోటేశ్వరమ్మ ఆ రోజుల్లోనే మా దగ్గరికి వచ్చింది. నలభై దాటిన మనిషి. ఆమె భర్త దుర్గిలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. చెక్కిన విగ్రహం మీద నీళ్లు పోస్తూ రుద్ది నునుపు చేయడం ఆమె పని. రొమ్ములో గడ్డ చేతికి తగులుతోందని వచ్చింది. బయాప్సీ చేశాం, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. క్యాన్సర్ అని తేలింది. ఇంకా తొలి దశలోనే ఉంది, వెంటనే ఆపరేషన్ చేస్తే బతుకుతావు, ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుందని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది.

ఆమె ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"నా కూతురు కాన్పుకొచ్చి ఇంట్లో ఉంది సిస్టరమ్మా. పోయినసారి బీపీ పెరిగి బిడ్డ కడుపులోనే పోయింది. ఈ మాట దాని చెవిన పడితే ఇది కూడా నిలవదు. మా ఆయనకు నేను చెప్పుకుంటా. అది కనేదాకా ఇంకెవురికీ తెలవకూడదు."

ఇంట్లో ఉన్న ఒకే ఫోను కూతురి చేతిలో ఉంటుంది కాబట్టి రిపోర్టు దానికి పంపొద్దని బయాప్సీ రోజే చెప్పింది. మా దగ్గర రిపోర్టు తయారవగానే రోగి ఫోనుకు వాట్సాప్‌లో దానంతటదే వెళ్తుంది. ఇంగ్లీషులో ఉంటుంది గనుక పల్లెల నుంచి వచ్చేవాళ్లు చాలామంది దాన్ని తెరవను కూడా తెరవరు. అప్పుడే నేను ల్యాబ్‌లో కూర్చుని ఆమె నంబరు తీసేయించాను. ఆపరేషన్‌కు రోజు కూడా పెట్టుకున్నాం. చీముగడ్డ కోయించుకోవడానికి వెళ్తున్నానని కూతురికి చెప్పుకుంటానంది.

ఆ రోజు ఆమె రాలేదు. తర్వాతి వారం వచ్చింది. మణికట్టుకు పసుపుకొమ్ము కట్టిన దారం ఉంది. ముఖం మునుపటికంటే తేటగా ఉంది.

"ఆపరేషన్ వద్దు సిస్టరమ్మా. చెప్పి పోదామని వచ్చా."

పక్క గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. తనే చెప్పడం మొదలుపెట్టింది.

"మొన్న మిట్టమధ్యాన్నం షెడ్డులో ఒక్కదాన్నే ఉన్నా. మా ఆయన అన్నానికి పోయాడు. రాయి రుద్దతా తలెత్తితే, విగ్రహాల మధ్యన ఒక ముసలామె నిలబడుంది. జుట్టు విరబోసుకోనుంది. ఎప్పుడొచ్చిందో తెలవదు, అడుగుల చప్పుడు కూడా లేదు. నన్ను ఇంటిపేరుతో సహా పిలిచింది. ఎడమ రొమ్ములో, చంక పక్కన, అంది. నేను పలకలా. క్యాన్సరే, అంది. కత్తి తగలనీయమాక, నేను చూసుకుంటా, అని ఈ దారం కట్టి పోయింది. మేం అమ్మవార్లని చెక్కి అమ్ముకునేవోళ్లం సిస్టరమ్మా. అమ్మవారు మాట్లాడుద్దంటే అందరికంటే ముందు నవ్వేది నేనే. కానీ ఈ గది దాటని మాట ఆమెకెట్టా తెలిసిందంటావు?"

వింటుంటే నా వీపు మీద చెమట చల్లబడింది. "ఇంకేమంది?" అన్నాను.

"ఎంతుందో కూడా చెప్పింది. రెండు పాయింట్ నాలుగు సెంటీమీటర్లంట."

అక్కడ నా భయం ఆగి కోపం మొదలైంది. జానెడనో బెత్తెడనో చెప్పి ఉంటే నేనూ తల వంచేదాన్నేమో. పాయింట్లతో సహా సెంటీమీటర్ల లెక్క మాత్రం మా ల్యాబ్‌దే.

ఆమెను అక్కడే ఉండమని కిందికి దిగి, టెక్నీషియన్ చేత రిపోర్టులు పంపే సాఫ్ట్‌వేర్ తెరిపించాను. ప్రతి రిపోర్టూ రోగికే కాకుండా ఇంకో రెండు నంబర్లకు కాపీ వెళ్తోంది. ఒకటి ఇప్పటి రిసెప్షన్ ఫోను. రెండోది, పెళ్లి చేసుకుని ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన పాత రిసెప్షనిస్టు సొంత నంబరు. ఆమె ఆ సిమ్ వదిలేసి చాలా కాలమైంది. రీచార్జి చేయని నంబరును కంపెనీ కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఆ నంబరును సాఫ్ట్‌వేర్‌లోంచి తీసేయాలని ఆసుపత్రిలో ఎవరికీ తోచలేదు.

ల్యాబ్ ఫోను తీసుకుని ఆ నంబరుకు చేశాను. వెంటనే ఎత్తారు. వయసులో ఉన్న ఆడగొంతు, గుళ్లో మాట్లాడినట్టు మెల్లగా పలికింది.

"చెప్పు తల్లీ. ఇయ్యాళ ఎవురిని పంపుతున్నావు?"

ఫోను పెట్టేశాను. పట్టపగలు, చుట్టూ జనం, రక్తం సీసాల మీద పేర్లు రాస్తూ మనుషులు. అయినా ఆ గొంతు చాలాసేపు నా చెవిలోనే ఉండిపోయింది.

డాక్టరమ్మకు అంతా చెప్పాను. మంచి సర్జన్, మనిషి కూడా మంచిదే. తలుపు మూసి, బల్ల వైపు చూస్తూ కూర్చుంది.

"ఆ నంబరు ఇప్పుడే తీసేయించు. మిగతాది... వాళ్లంతా అమ్మవారే చెప్పిందనుకుంటున్నారు కదా షమీమ్. అలాగే అనుకోనిస్తే? ఇది బయటపడితే మన మెట్లు ఎవరెక్కుతారు?"

"అనుకోనిస్తే కోటేశ్వరమ్మ కత్తి దగ్గరికి రాదు మేడమ్. మన పేరు నిలబడిద్ది, ఆమె పోయిద్ది," అన్నాను. నా గొంతు వార్డు దాకా వినపడే ఉంటుంది.

డాక్టరమ్మ లేచి తలుపు తీసింది. "ఆమెను పిలు. నేనే చెప్తాను," అంది.

చెప్పింది. ఏమీ దాచలేదు. తప్పు మాదేనని చేతులు పట్టుకుని క్షమించమంది. కోటేశ్వరమ్మ చివరిదాకా విని, "నన్ను బల్ల ఎక్కియ్యటానికి మీరిట్టా చెప్తున్నారు," అంది. మళ్లీ తనే, "నిజమే అనుకో. అమ్మవారు మీ ఫోనులోంచి రాకూడదా ఏంది?" అని అడిగింది.

అప్పుడు నాకొక ఆలోచన తట్టింది.

"అక్కా, మీ ఊళ్లో లేని పేరు ఒకటి చెప్పు. అసలు లేనే లేని మనిషి పేరు."

"భ్రమరాంబ," అంది. "ఆ పేరుగల మనిషి మా ఊళ్లో ఎవురూ లేరు."

ఆమె ఎదురుగానే భ్రమరాంబకు ఒక వయసు ఇచ్చాం, వాళ్ల ఊరే ఇచ్చాం, పిత్తాశయంలో ఒక రాయి పెట్టాం. ఆ ఒక్క రిపోర్టునూ ల్యాబ్ ఫోను నుంచి పాత నంబరుకు పంపాం. చూస్తుండగానే టిక్కులు నీలంగా మారాయి.

"నీకు దారం కట్టింది మా రోగులు చెప్పే అచ్చమ్మే అయ్యుంటుంది. శుక్రవారం ఆమె దగ్గరికి నేనూ వస్తాను. ఆమె నోట ఈ పేరు రాకపోతే ఆపరేషన్ మాటే ఎత్తను," అన్నాను. కోటేశ్వరమ్మ సరేనంది.

అచ్చమ్మ ఇల్లు మిరప చేల మధ్య ఒక చిన్న పల్లెలో ఉంది. రేకుల వసారా నిండా ఆడవాళ్లు. సాంబ్రాణి పొగకు కళ్లు మండుతున్నాయి. నేనేదో భయంకరమైన మనిషిని ఊహించుకుని వెళ్లాను. అచ్చమ్మ బక్కపలచటి కూలి మనిషి, కాయకోతలకు వెళ్లి వెళ్లి వేళ్ల చివర్లు కమిలిపోయి ఉన్నాయి. జుట్టు విప్పుకుని ఊగుతూ ఊగుతూ ఉన్నట్టుండి ఆగింది.

"భ్రమరాంబా!"

ఎవరూ లేవలేదు.

"డొక్కలో రాయి పెట్టుకొని ఎందుకే దాక్కుంటావు? కుడిపక్కనే గదా. ఊరంతా తిరిగినా నీ ఇల్లు ఎవురూ చూపలా. ఇయ్యాళ వచ్చావు, నాకు తెలుసు. వాకిట్లోనే ఉన్నావు. పిలిస్తే పలకవేందే?"

వసారాలో ఉన్న తలలన్నీ వాకిలి వైపు తిరిగాయి. భ్రమరాంబను తయారుచేసిందే మేము. ఆమెకు వయసూ ఊరూ రాయీ ఇచ్చింది మేము. అయినా ఒప్పుకుంటున్నాను, నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు. కోటేశ్వరమ్మ గోళ్లు నా చేతిలోకి దిగబడ్డాయి.

అందరూ వెళ్లాక అచ్చమ్మకూ ఆమె కోడలికీ జరిగింది చెప్పాం. ఫోనులో నేను విన్న గొంతు ఆ కోడలిదే. ఇంటర్‌లో బైపీసీ చదివిన పిల్ల. ఇంగ్లీషు మాటలకు అర్థాలు వెతికి, చదువు రాని అత్తకు వినిపించేది. ఫోను తెచ్చి చూపించింది. మా ల్యాబ్ నంబరు అందులో 'అమ్మవారు' అనే పేరుతో ఉంది. తిరునాళ్లలో అచ్చమ్మకు పూనకం వచ్చిన మర్నాడే కొత్త సిమ్ వేశారట, వేసిన రోజే మొదటి రిపోర్టు వచ్చిందట. ఇద్దరూ ఫోనును కళ్లకద్దుకున్నారు. ఆ తర్వాత తెలిసిన ఊరి పేరు కనిపించినప్పుడల్లా అచ్చమ్మ నడిచి వెళ్లి ఆ మనిషికి చెప్పి వచ్చేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

"కత్తి వద్దని ఎందుకు చెప్పావు పెద్దమ్మా?" గట్టిగా అడగాలనే వెళ్లాను గానీ గొంతు లేవలేదు.

"మా చెల్లెలు ఆపరేషన్ బల్ల మీదే పోయింది. ఇంకెవురూ అట్టా పోకూడదని." ఫోను వంక చూసింది. "ఇంతమంది ఉండగా నాకే ఎందుకొచ్చినయ్యమ్మా ఇయన్నీ?"

ఫోను కంపెనీ పాత నంబరు వాళ్లకిచ్చిన సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. తల ఊపింది, నమ్మిందో లేదో తెలియదు. రిపోర్టులన్నీ మా ఎదుటే కోడలు చెరిపేసింది. తర్వాత డాక్టరమ్మ, ఆ నంబరుకు రిపోర్టు వెళ్లిన వాళ్లందరినీ పిలిపించి తప్పు ఒప్పుకుంది. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. కొందరు ఇప్పటికీ అచ్చమ్మనే నమ్ముతున్నారు. డాక్టరమ్మ భయపడినట్టే మా మెట్ల మీద జనం బాగా తగ్గారు.

ఆ శుక్రవారం తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు కోటేశ్వరమ్మ చేతి దారం తెంపేసింది.

"ఆపరేషన్ చేయించుకుంటా," అంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "వచ్చే వారమే పెట్టిస్తానక్కా."

"మీ కాడ కాదు. గుంటూరు పోతా. నా కాయితాలన్నీ ఇచ్చెయ్యండి."

ఆమె చేల వైపు చూస్తూ అంది, "అమ్మవారికి తెలిసిందనుకున్నప్పుడు నాకు భయమెయ్యలా సిస్టరమ్మా. ఆమెకు తెలవనిది ఏముండిద్ది. మీ కాడి నుంచి పోయిందని తెలిసినాకే చానా భయమేసింది. నేను రవిక విప్పి చూపించింది మీకే గదా."

రిపోర్టులూ, బయాప్సీ ముక్క ఉంచిన గాజు స్లైడులూ ఆమె చేతికే ఇచ్చాం. గుంటూరులో తనకు తెలిసిన సర్జన్‌తో మాట్లాడతానని డాక్టరమ్మ అంటే, ఎవరితోనూ మాట్లాడొద్దని చెప్పి ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో గాయానికి కట్టు కట్టడం నేర్చుకున్నాను గానీ, రోగి మాటకు కట్టు కట్టడం నాకు నేర్పింది కోటేశ్వరమ్మే. ఇప్పుడు నా దగ్గర పనిలో చేరే నర్సులకు సూది పట్టడం కంటే ముందు ఈ సంగతే చెబుతాను. విన్నవాళ్లంతా ఒకటే అడుగుతారు, ఆమెకు ఆపరేషన్ జరిగిందా, కూతురికి బిడ్డ దక్కిందా అని. నాకు తెలియదు. దుర్గి బస్సు దిగి వచ్చేవాళ్లను ఒక్క మాట అడిగితే చాలు, చెప్పేస్తారు. ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది, అడగలేదు. అది ఆమె నోట నేను వినాల్సిన సంగతి. ఆమె నాకు చెప్పలేదు.