జిగురు పోయిన స్టాంపులు

మా వదిన పోయిందన్న కబురు పోయిన నెలలో ఒక పొద్దున తెలిసింది. హిమాయత్‌నగర్‌లో మా ఇంటి ముందు కూరగాయల బండి దగ్గర నిలబడి బెండకాయలు ఏరుతున్నాను. ఫోన్‌లో అన్న గొంతు మామూలుగానే ఉంది. "చెల్లె, మీ వదినె లేస్తలేదు. డాక్టరొచ్చి చూసిండు. పోయిందట," అన్నాడు. ఆ "పోయిందట" అన్న మాట ఎవరింటి సంగతో చెబుతున్నట్టు వచ్చింది. తనకే ఇంకా నమ్మకం కుదరలేదు. ఏరిన బెండకాయలు బండి మీదే వదిలేసి ఆటో ఎక్కాను.

పేపర్లో ఫొటో పడేంత మనిషి కాదు ఆమె. అబిడ్స్‌లో ఒక మందుల కంపెనీ ఆఫీసులో, వచ్చే పోయే ఉత్తరాలు చూసుకునే గుమస్తాగా చేసి రిటైరైంది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, కింది వాటా కిరాయి ఇంట్లో అన్నతో కాపురం చేసింది, ఒక కూతుర్ని పెంచింది. ఆమెను ఎరిగినవాళ్లకు మాత్రం ఆమె అనగానే ముందు స్టాంపులు గుర్తొస్తాయి.

పెళ్లయి వచ్చిన కొత్తలోనే మాకా సంగతి తెలిసింది. మా అమ్మ వంటింట్లోకి వెళితే బియ్యం కడిగే గిన్నెలో నీళ్ల మీద కవర్ల ముక్కలు తేలుతున్నాయి.

"ఏందే గిది? బియ్యం గిన్నెల కాయితాలు నానబెట్టినవ్?" అంది అమ్మ.

"నానితే జిగురు ఇడుస్తది అత్తమ్మా. చింపితే కోట సగం పోతది."

"కోటేంది?"

వదిన నీళ్లలోంచి ఒక స్టాంపును వేలికొసతో తేల్చి అరచేతిలో పెట్టి చూపించింది. అమ్మ అద్దాలు తెచ్చుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. "గిది మన గోల్కొండనే గదనే," అంది చివరికి. ఆ రోజు నుంచి ఆ గిన్నె వదినదైపోయింది. బియ్యానికి అమ్మ వేరే గిన్నె తీసింది.

నల్లగొండ దగ్గర ఒక పల్లె ఆమెది. కూలి చేసుకునే ఇల్లు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. చరిత్ర పాఠాలన్నీ కంఠస్థం చేసి పాసయ్యానని నవ్వేది. ఒకసారి ఆల్బం తిరగేస్తూ నాతో అంది: "చదువుకునేటప్పుడు చరిత్రంటే రాజులు, యుద్ధాలే అనుకున్న పిల్లా. గీడ చూస్తే వీణ ఉన్నది, రైలింజను ఉన్నది, మెట్లబావి ఉన్నది, నాట్యమాడే ఆడోళ్లున్నరు. దేశమంటే గిన్ని ఉంటయని నాకెవరు చెప్పలె."

ఆఫీసు కవర్ల మీదివి చాలక కొత్తవి కొనడం మొదలుపెట్టింది. కొత్త స్టాంపు విడుదలైన రోజున అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు నన్నూ తీసుకెళ్లేది. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టుకుని, పెళ్లికి వెళ్లినట్టు వెళ్లేది. సేకరించేవాళ్ల కోసం అక్కడ వేరే కౌంటర్ ఉంటుంది. వరుసలో అందరూ మగవాళ్లే, ఎక్కువమంది పెద్దవాళ్లు. వాళ్ల మధ్య బెరుకు లేకుండా నిలబడి, స్టాంపు చేతికి రాగానే అంచులు, రంగులు, బొమ్మ మధ్యలో కుదిరిందా లేదా అన్నీ చూసి మైనపు కాగితంలో పెట్టుకునేది. తర్వాత మొజంజాహీ మార్కెట్‌కు నడిచి వెళ్లి సీతాఫలం ఐస్‌క్రీం తినేవాళ్లం. సంచీ నా భుజానికి తగిలించి, నన్ను రెండు అడుగులు దూరం జరగమని అప్పుడు కప్పు చేతిలోకి తీసుకునేది.

అంత భయం ఆమెకు స్టాంపుల విషయంలో. వాడని స్టాంపు వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటేనే సేకరించేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారట. అందుకని ఇంట్లో ఎవ్వరినీ తాకనిచ్చేది కాదు. పట్టకారుతో ఎత్తేది, ఊపిరి బిగబట్టి పెట్టేది. ఏడో తరగతిలో కూతురు స్కూల్ ప్రాజెక్టు కోసం దండియాత్ర స్టాంపు అడిగింది. ఒక్కరోజుకే, మళ్లీ తెచ్చిస్తానంది.

"వద్దు బిడ్డా, తడి చేతులు తగుల్తయ్. బొమ్మల చార్టు కొనిస్త," అంది వదిన.

పిల్ల చార్టు తీసుకెళ్లింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆల్బం చూపించమని అడగలేదు. వదిన కొత్త స్టాంపు తెచ్చిన రోజున తన పుస్తకాలు తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేది. అది వదినకు కనిపించకపోలేదు. ఎట్లా పిలవాలో తెలియక ఊరుకుంది.

కొన్నేళ్ల కింద ఒక వానాకాలం, పట్టపగలు కురిసిన వానకు సందంతా నిండింది. అన్నకు జ్వరమని వదిన దవాఖానకు తీసుకెళ్లిన రోజది. తిరిగి వచ్చేసరికి ఇంట్లో మోకాళ్ల లోతు నీళ్లు. బీరువా కింది అరలో ఆల్బంలు. కూతురు కాలేజీ నుంచి అప్పుడే వచ్చి, నీళ్లలో నిలబడి వాటిని ఒక్కొక్కటే పైకి తీస్తోంది.

నేను వెళ్లేటప్పటికి పై వాటాలో ఉండే ఇంటావిడ తన ముందుగది మొత్తం ఖాళీ చేసి ఇచ్చింది. నేలంతా పాత పేపర్లు పరిచారు. తడిసిన స్టాంపులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మళ్లీ నీళ్లలో వేస్తే తప్ప విడిపోవు. వదిన గోడకు ఆనుకుని కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. కూతురే బకెట్లో నీళ్లు పెట్టుకుని, వేళ్లతో మెల్లగా విడదీసి పేపర్ల మీద పరుస్తూ పోయింది. ఇన్నేళ్లలో ఆ పిల్ల వాటిని తాకడం అదే మొదలు.

"అమ్మా, గీ మెట్లబావి ఏడిది?" అని అడిగింది పని ఆపకుండానే.

వదిన చెప్పింది. ఇంకోటి అడిగింది. చెప్పింది. కాసేపటికి వదిన కూడా వంగి స్టాంపులు పరవడం మొదలుపెట్టింది. ఇంటావిడ టీ తెచ్చి గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లింది.

చాలావరకు బతికాయి. రంగులు కూడా పోలేదు. జిగురే పోయింది. ఆదివారాలు అబిడ్స్‌లో కలిసే తోటి సేకరణదారు, ఆమెకు ఎంతో కాలంగా తెలిసిన పెద్దాయన, ఇంటికి వచ్చి చూశాడు. ఆయనకు చెప్పడానికి మనసు ఒప్పలేదు. ఆమెతో అబద్ధం ఆడనూలేదు. "చూసుకోనీకె మంచిగనే ఉంటయ్ అమ్మా. గనీ ఇంక గివి వాడనివాటి కింద లెక్కకు రావు," అన్నాడు. వదిన తల ఊపింది. ఆయనకు చాయ్ ఇచ్చి గేటు దాకా సాగనంపింది. ఆ తర్వాత చాలా రోజులు, ఆరిన స్టాంపులు పెట్టిన డబ్బా తెరవలేదు. ఫోన్ చేస్తే "మంచిగున్న పిల్లా," అనేది. ఆ గొంతు వింటే ఇంకేం అడగబుద్ధి అయ్యేది కాదు.

ఒక రోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళితే పొయ్యి మీద మైదా జిగురు ఉడుకుతోంది. వదిన బల్ల ముందు కూర్చుని ఒక కవరు మీద స్టాంపులు అతికిస్తోంది.

"ఏం చేస్తున్నవ్ వదినా?"

"ఉత్తరం రాసిన. వాడని స్టాంపులంటే వాడుకునేటియే గద. ఇన్నేండ్లు గది యాదికే రాలె."

మొదటి ఉత్తరం కూతురికే రాసింది, అదే ఇంటి అడ్రసుకు. రెండు రోజులకు పోస్ట్‌మ్యాన్ తెచ్చి పిల్ల చేతికే ఇచ్చాడు. కవరు మీద దండియాత్ర. లోపల మూడు ముక్కలు: "నువ్వు స్కూల్ల అడిగిన స్టాంపు గిది. అప్పుడియ్యలేదు. ఇది నీది." పిల్ల గుమ్మంలో నిలబడే చదివింది.

"ఇంట్లనే ఉన్న గదమ్మా, చేతికిస్తే అయిపోతుండె గద," అంది.

"చేతికిస్తే స్టాంపు ఇచ్చినట్టయితది. పంపిస్తే నీకు ఉత్తరం వచ్చినట్టయితది," అంది వదిన వంటింట్లోంచి.

పిల్ల లోపలికి వెళ్లి, వెనక నుంచి తల్లి భుజం మీద గడ్డం ఆనించి అలాగే నిలబడింది. ఆ పూట పప్పు అడుగంటింది.

ఇక వదిన చేయి ఆగలేదు. చుట్టాలకు, ఆఫీసులో పనిచేసినవాళ్లకు, పై వాటా ఇంటావిడకు, దవాఖానలో అన్నను చూసుకున్న నర్సుకు, అందరికీ రాసింది. పాత స్టాంపుల మీద ఉండేది చిల్లర పైసలే కాబట్టి ఒక్కో కవరుకు బోలెడు అతికించాల్సి వచ్చేది. కోటలు, రైళ్లు, వీణలు, నాట్యాలు అంచు దాకా నిండి, అడ్రసు ఒక మూలకు ఒదిగేది. "అమ్మా, అడ్రసుకు జర జాగ ఇడువుండ్రి," అని పోస్ట్‌మ్యాన్ మొత్తుకునేవాడు. నాంపల్లి పోస్టాఫీసులో ముద్ర వేసే అతనితో ఆమె కూడా ఒక మాట చెప్పేది: "కొట్టు బిడ్డా, గనీ మొకాల మీద కొట్టకు. పెద్దోళ్లు."

నాకు వచ్చిన కవర్లు నా దగ్గరున్నాయి. వాటిలో పెద్ద విషయాలేమీ లేవు. మామిడికాయ తొక్కు ఎట్లా కుదిరిందో, అన్న అద్దాలు ఎక్కడ పెట్టి మర్చిపోయాడో రాసేది. తోటి సేకరణదారు పెద్దాయనకూ ఒకటి వెళ్లింది. ఆయన దాన్ని తన ఆల్బంలో పెట్టుకున్నాడట. "జిగురు లేని స్టాంపు నేను తీసుకోను. నా పేరు మీద వచ్చిన ఉత్తరాన్ని ఎట్ల కాదంట?" అని నవ్వాడు, ఆమె పోయిన రోజున అన్న ఇంటి ముందు కుర్చీలో కూర్చుని. ఆ నవ్వు మధ్యలోనే ఆయనకు ఏడుపొచ్చింది.

ఆఖరి సంవత్సరం ఆమె గుండె బలహీనపడింది. మెట్లెక్కలేకపోయేది, నాలుగు వాక్యాలు రాస్తే చేయి నొప్పనేది. పోయినసారి వెళ్లినప్పుడు స్టాంపులు ఇంకేమైనా మిగిలాయా అని అడిగాను. "ఉన్నయ్ కొన్ని. తెలిసినోళ్లే అయిపోయిన్రు పిల్లా," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

కర్మలన్నీ అయ్యాక ఆ పెద్దాయన ఫోన్ చేసి, కొత్త స్టాంపు వచ్చిందని మా అన్నకు చెప్పాడు. "గవన్ని నాకేం తెలుస్తయ్," అని అన్న ఫోన్ పెట్టేశాడు. తెల్లారి చూస్తే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నేను, మేనకోడలు, అన్న కలిసి అబిడ్స్ వెళ్లాం. అన్న ఎన్నడూ ఆ కౌంటర్ దాకా వచ్చినవాడు కాదు. లోపల కూర్చున్న అమ్మాయి, ఈమధ్య తల్లితో వస్తుండే మా మేనకోడల్ని గుర్తుపట్టి, "మేడం రాలేదా?" అని అడిగింది.

అన్న కౌంటర్ దగ్గరికి జరిగాడు. "లేదమ్మా. ఇయ్యాల నన్ను పంపింది," అన్నాడు.

స్టాంపు ఎట్లా పట్టుకోవాలో ఆయనకు తెలియదు. మేనకోడలు కవరు ఇవ్వబోతే వద్దన్నాడు. చాచిన అరచేతిలో పెట్టుకుని, గాలికి ఎగిరిపోకుండా రెండో చేతిని గొడుగులా పైన పట్టి, మెట్లు దిగాడు. పక్కనుంచి బస్సులు, ఆటోలు హారన్లు కొడుతూ పోతున్నాయి. ఆయన ఎటూ చూడకుండా, చేతులనే చూసుకుంటూ, నాంపల్లి వైపు మెల్లగా నడిచాడు.